రాతితో బేరం

ఫోను మీద వేలు పెడితే వస్తువు గుమ్మంలోకి వచ్చి పడే ఈ కాలం పిల్లలకి చెప్పినా నమ్మరు గానీ, నాకు మీసాలు కొత్తగా వచ్చిన కాలంలో పోర్ట్ బ్లెయిర్‌లోని మా డాలీగంజ్ బజారులో ధర అన్నది ఒక అభిప్రాయం మాత్రమే. అమ్మేవాడిది ఒక అభిప్రాయం, కొనేవాడిది ఇంకో అభిప్రాయం, రెంటికీ మధ్య జరిగే మర్యాదైన కొట్లాట పేరు వ్యాపారం. నేను ఆ కొట్లాటలో పుట్టి పెరిగినవాణ్ణి. మా తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ చేపలు పట్టిన కుటుంబం మాది. మా నాన్న మాత్రం సముద్రానికి ఒక నమస్కారం పెట్టి ప్లాస్టిక్ సామాన్ల కొట్టు తెరిచాడు. బకెట్లు, మగ్గులు, గరాటాలు, ముఖ్యంగా డ్రమ్ములు. మా ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కురుస్తుంది, మిగిలిన నెలలు కుళాయి ఎప్పుడొస్తుందా అని జనం ఎదురు చూస్తారు. వాన పట్టుకోవడానికీ డ్రమ్మే, కుళాయి నీళ్లు దాచుకోవడానికీ డ్రమ్మే. అంచేత మా నాన్న రెండు కాలాలకీ సమానంగా అగరుబత్తి వెలిగించేవాడు.

ఆ కొట్టులో కూర్చుని నేను నేర్చుకున్న విద్య ఎంత ముదిరిందంటే, బస్సు కండక్టరుతో కూడా బేరం పెట్టేవాణ్ణి. ఒకసారి పోస్టాఫీసులో స్టాంపులు కొంటూ "రెండు తీసుకుంటే ఎంతకిస్తారు?" అని అడిగాను. (మా చెల్లెలు ఈ సంగతి ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతుంది. నేను అబద్ధమంటాను. నిజమే.) డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను, పాసయ్యావా అంటే పాసయ్యాను. తరవాత మా ఊరి కుర్రాళ్లందరి లాగే సర్కారు పోస్టులు ఎప్పుడు పడతాయా అని కాచుకుంటూ, డ్రమ్ముల మధ్య ఇంకో డ్రమ్ములా కూర్చున్నాను.

ఒక వానరోజు కొట్టులోకి ఒకావిడ వచ్చింది. నడి వయసు, కాళ్లకి రబ్బరు బూట్లు, వీపున సంచి. మూత గట్టిగా పట్టే చిన్న సీసాలు కావాలంది. చూపిస్తే ఒక్కొక్కటీ వాన నీళ్లతో నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, వెలుతురుకి పెట్టి చూసింది. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడరు. "ఎంత?" అంది. నాన్న మామూలు ధర చెప్పాడు. అంటే, బేరానికి చోటు వదిలి చెప్పే ధర. ఆవిడ డబ్బు తీసి ఇచ్చేసింది! అప్పుడు చూడాలి మా నాన్న మొహం. కత్తి దూసి నిలబడితే ఎదుటివాడు వచ్చి కౌగిలించుకున్నట్టు అయిపోయాడు.

"ఏమప్పా, బారాటాంగ్ గుహల కాడికి నాతో వచ్చి, బోటోళ్లతో మాట్లాడి, సామాను మోసేవాళ్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగింది ఆవిడ. రాయలసీమ యాస. మా దీవుల్లో అది వినిపించడమే అరుదు.

"గుహల్లో ఏటి కొంటారమ్మా?" అన్నాడు నాన్న, వ్యాపారస్థుడికి తోచే మొదటి ప్రశ్న.

"కొనేదేం లేదు. పైనుంచి కారే నీళ్లు పట్టుకుంటా."

నాన్న ఒక్క క్షణం ఆలోచించి నా వైపు చెయ్యి చూపించాడు. "ఈడ్ని తీసుకెల్లండమ్మా. కెమిస్ట్రీ సదివాడు. నీల్లు పట్టగల్డు."

నా కూలి గురించి నేను గొంతు సవరించుకుంటూ ఉండగానే, నేను అడగాలనుకున్న దానికన్నా ఎక్కువ ఆవిడే చెప్పేసింది. బేరంలో నా నోరు మూతపడడం అదే మొదలు. ఆవిడ ప్రధాన భూభాగంలో ఏదో పరిశోధన సంస్థలో పనిచేస్తుందనీ, గుహల్లో కారే నీళ్లని ఏడాది పొడుగునా పరీక్షించడానికి అనుమతి తెచ్చుకుందనీ తరవాత తెలిసింది. నేను "మేడమ్" అనేవాణ్ణి. మా నాన్న మాత్రం "నీల్లమ్మ" అనేవాడు, వెనకాల.

తెల్లారకముందే చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన బస్సుల్లో కూర్చుని, అడవి దారిలో ఎక్కడా ఆగకుండా పోలీసు కాపలాతో ఒకదాని వెనక ఒకటి కాన్వాయ్‌గా వెళ్లి, బళ్లని మోసే పెద్ద పడవ మీద దాటితే బారాటాంగ్. అక్కడి జెట్టీలో చిన్న బోటు నడిపే ఒకాయన మాకు దూరపు చుట్టం, వరసకి బావ. చుట్టరికం ఉంటే బేరం ఇంకా తీవ్రంగా సాగాలి కదా, అంచేత మొదటి రోజే ఇద్దరం ఒకరి తాతలని ఒకరం తలుచుకునేదాకా వెళ్లాం. మేడమ్ బూట్లు తొడుక్కుంటూ, "మీరిద్దరూ కొట్లాడుకుంటా ఉండారా, మాట్లాడుకుంటా ఉండారా?" అని అడిగింది. "మాటలే దీదీ, మాటలే," అన్నాడు బావ నవ్వుతూ. తరవాత మడ చెట్ల వేళ్లు రెండు పక్కల నుంచీ చేతులు చాచినట్టు వంగిన సన్నని క్రీకులో, ఆ సముద్రపు పాయలో, బోటు పోనిచ్చాడు. దిగి, అడవిలో బురద తొక్కుకుంటూ నడిస్తే గుహ.

గుహ గురించి నా అంచనా ఏమిటంటే, చీకటి గది. అంతే. లోపలికి వెళ్లి టార్చి పైకెత్తాక అంచనా కిందికి దిగిపోయింది. పైకప్పు నుంచి రాయి కారుతోంది. అవును, రాయే, ఎప్పుడో కారుతూ కారుతూ మధ్యలో ఆగిపోయినట్టు, కొన్నిచోట్ల పరదాల్లా, కొన్నిచోట్ల ఏనుగు తొండాల్లా. కింద నుంచి మొద్దుబారిన కొవ్వొత్తుల్లాంటి రాళ్లు పైకి లేస్తున్నాయి. బయట వాన జోరుగా పడుతోంది. లోపల మాత్రం ప్రతి మూలా నెమ్మదిగా, వేరువేరు తాళాల్లో, టప్... టప్... అని. నేను ఊపిరి తీసే చప్పుడు కూడా అక్కడ మర్యాద తప్పినట్టు అనిపించింది. మా కొట్టులో ఏ వస్తువునైనా చూడగానే నా బుర్రలో ఒక అంకె లేచేది. అక్కడ ఏ అంకే లేవలేదు.

మేడమ్ గుహ చివర ఒక రాతి మొద్దు ముందు కూర్చుంది. పైనుంచి దాని మీద ఒక చుక్క పడుతోంది; పడింది అనుకుంటే మళ్లీ ఎప్పటికో గాని పడడం లేదు. చిన్న గాజుసీసా మొద్దు మీద నిలబెట్టి, "ఇది నిండేదాకా చూసుకో నాయనా," అని, తను వేరే పక్కకి వెళ్లింది. నేను చూశాను. చూశాను. బారెడు దూరంలోనే ఇంకో చోట నీళ్లు కుళాయి సరిగా కట్టనట్టు ధారగా పడుతున్నాయి! అదే గుహ, అదే రాయి, అదే సరుకు, ఎవరూ లేని క్యూ. సీసా అక్కడ పెట్టి క్షణంలో నింపేసి, లాభం వచ్చినవాడిలా మొహం పెట్టుకుని ఆవిడకి అందించాను.

"ఇంత తొందరగానా?" అంది.

"పక్కన ధారాళంగా వస్తోంది మేడమ్. ఒకటే నీళ్లు కదా!"

ఆవిడ కోప్పడలేదు. సంచిలోంచి, నీళ్లలో ఎంత కరిగి ఉందో చెప్పే పెన్నులాంటి మీటరు తీసి నా సీసాలో ముంచింది. తరవాత నెమ్మది చుక్క కింద ఇంకో సీసా పెట్టి, అడుగున కాసిని నీళ్లు చేరేదాకా ఆగి, దాంట్లోనూ ముంచింది. రెండు అంకెలకీ పోలిక లేదు. "చూస్తివా? నువ్వు తెచ్చింది పెద్ద పగులులో పడి దిగొచ్చింది, మొన్నటి వాన. దీనికి రాయితో మాట్లాడే తీరిక దొరకలేదు. ఈ నెమ్మది చుక్క సందుసందుల్లో ఇంకుతా ఇంకుతా వచ్చింది. దీంట్లో ఎన్ని నెలల వానలు కలిసుంటాయో."

బారెడు దూరం. ఒక పక్క మొన్న, ఇంకో పక్క ఎప్పటిదో. నేను రెంటినీ మార్చి మార్చి చూశాను. మా కొట్టులో పాత సరుకు, కొత్త సరుకు కలిసిపోకుండా చూడడం నా పనే. ఇక్కడ ఆ పని రాయి చేస్తోంది.

ఆ మధ్యాహ్నం డబ్బాలోని పులిహోర తింటూ ఆవిడ చెప్పింది అంతా నాకు ఇప్పటికీ గుర్తుంది. వాన నీళ్లు అడవి మట్టిలోంచి దిగేటప్పుడు కాస్త పులుపెక్కుతాయట. ఆ పులుపుతో సున్నపురాయిని కరిగించుకుని వస్తాయి. గుహలో గాలి తగలగానే ఆ సున్నంలో కొంత విడిచిపెడతాయి. ఒక్కో చుక్క విడిచింది కంటికి ఆనదు. అదే ఏళ్ల తరబడి పొర మీద పొరగా పేరుకుంటే ఈ మొద్దు. "దీన్ని నిలువునా కోస్తే పొరలు కనపడతాయి. ఏ పొర తడి కాలంలో పడింది, ఏది కరువులో పడింది, దాంట్లో ఉండే సరుకును బట్టి తెలుస్తుంది."

"సరుకు" అన్న మాట వినగానే నాలోని కొట్టువాడు లేచి కూర్చున్నాడు. "ఏం సరుకు మేడమ్?"

"సున్నంలో కాల్షియం ఉందా, దానితో పాటు కాస్త మెగ్నీషియం. వానలు బాగుంటే నీళ్లు గబగబా దిగి, తెచ్చింది తెచ్చినట్టు ఇక్కడ పడతాయి. వానల్లేకుంటే రాతి సందుల్లో నీళ్లుండే చోట గాలి చేరుతుంది. నీళ్లు ఆగి ఆగి వస్తాయి. దారిలోనే కాల్షియం ముందు దిగిపోతుంది. మెగ్నీషియం అంత సులభంగా పోదు. ఈడికి వచ్చేసరికి చుక్కలో దాని పాలు ఎక్కువైపోతుంది."

నేను పులిహోర ముద్ద పట్టుకుని ఆగిపోయాను. "మా నాయనమ్మ చేపల బుట్ట!" అన్నాను.

"ఏందీ?"

మా నాయనమ్మ ప్రోతరాపూర్ వీధుల్లో నెత్తిన బుట్ట పెట్టుకుని చేపలు అమ్మేది. వంజరం ఉంటే మొదటి వీధిలోనే ఎగరేసుకుపోయేవారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆగి వచ్చిన రోజు చివరి ఇంటికి చేరేసరికి బుట్టలో ఎవరికీ అక్కర్లేని ముళ్ల చేపలే. వాన తరిమితే ఎక్కడా ఆగకుండా పరుగున వచ్చేది. ఆ రోజు చివరి ఇంటికి కూడా వంజరం దొరికేది. అంటే చివరి ఇంటివాళ్లు బుట్టలోకి తొంగి చూస్తే చాలు, ఆవిడ ప్రయాణం ఎలా సాగిందో చెప్పేయొచ్చు. ఇదంతా చెబితే మేడమ్ కాసేపు నవ్వి, తరవాత నవ్వు ఆపి, "నాయనా, దీన్ని నేను మా క్లాసులో చెప్పుకుంటా," అంది. (చదువుకున్న రోజుల్లో నన్ను ఏ మాస్టారూ అలా అనలేదు. క్లాసు బయటకి పొమ్మన్నారు.)

అలా నెలలు గడిచాయి. ఆవిడ వచ్చినప్పుడల్లా నేను వెళ్లేవాణ్ణి. ఇంట్లో మా నాన్నకి, ఒకే నీళ్లలో బరువు రకం, తేలిక రకం కూడా ఉంటాయనీ, మేఘం బరువు రకాన్ని ముందు దింపేసుకుంటుందనీ, అంచేత ఎడతెగని పెద్ద వానల్లో చివరకి తేలిక రకం ఎక్కువ పడుతుందనీ చెబితే, "మంచి వ్యాపారస్థుడే మేఘం," అని ఒప్పుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఆవిడ అనుమతికి అదే ఆఖరి నెల, మేము చివరిసారి గుహకి బయల్దేరిన రోజుకి మర్నాడే ఆవిడ విమానం. వాన కాలపు చుక్కలన్నీ పట్టాం గానీ, కరువు అంచున ఆ నెమ్మది చుక్క ఏం తెస్తుందో ఇంకా పట్టలేదు. అది లేకపోతే ఏడాది పనిలో అసలు సంగతే ఉండదు. రాయి వానని ఎలా రాస్తుందో తెలుస్తుంది, కరువుని ఎలా రాస్తుందో తెలియదు. "నేను వచ్చింది దాని కోసమే," అంది బోటులో, క్రీకు వైపు చూస్తూ. "మా ఊర్లో పలకరింపే 'వానొచ్చిందా' అని. మా అవ్వ పొద్దున లేస్తానే మొగం కడక్కముందు మబ్బు చూసేది. వెనకటి కాలంలో ఎట్లాంటి కరువులు వచ్చినాయో, ఎంతకాలం ఉన్నాయో చెప్పే రాళ్లు ఉన్నాయని తెలిసినాక, చదవడం రాకుండా ఎట్ల ఊరుకుండేది?"

గుహలోకి వెళ్లేసరికి ధార ఎండిపోయింది. మూలమూలల తాళాలు ఆగిపోయాయి. నెమ్మది చుక్క ఒక్కటే మిగిలింది. అదీ రాతి కొసన వేలాడుతూ, పడనా మాననా అని ఆలోచిస్తోంది. వేలెడంత సీసా మొద్దు మీద పెట్టి ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. అది అంచు దాకా నిండాలి, పైన నీళ్లు కాస్త ఉబ్బెత్తుగా నిలవాలి, అప్పుడు మూత బిగిస్తే లోపల గాలిబుడగ ఉండదు. గాలి ఉంటే దారిలోనే సున్నం సీసా అడుగున దిగిపోయి, చుక్క తెచ్చిన కబురు పాడైపోతుంది. టప్. నిశ్శబ్దం. చాలాసేపటికి ఇంకో టప్. ప్రతి చుక్కా కొసన ఉబ్బి, టార్చి వెలుతురు అంతా తనలోకి లాక్కుని, మెరిసి, తెగేది. అంత చిన్నదానిలో కిందటి వానలు, మా డ్రమ్ముల్లో పడ్డ వానల తోబుట్టువులు, ఇప్పుడిప్పుడు ఇల్లు చేరుతున్నాయి. నేను దాన్ని చూస్తూ బేరగాడి భాష మరిచిపోయి, "రామ్మా, రా," అని గొణగడం మొదలుపెట్టాను. మేడమ్ విననట్టు తల తిప్పుకుంది.

సీసా మెడ దాకా నిండే వేళకి బావ చెప్పులు చప్పుడు చేసుకుంటూ లోపలికి వచ్చాడు. "ఏటి బామ్మర్దీ! దీదీ, జల్దీగా కానీండి! క్రీకులో పానీ దిగిపోతంది, బోటు బురదలో కూకుంటాది!"

"ఇంకొంచెం బావా."

బావ వంగి సీసా చూశాడు. మా వాళ్లలో కొలత అంచు తగలకపోతే అవమానం. పాలు పోసినా, నూనె పోసినా, పైన కొసరు పడాల్సిందే. వెలితి సీసా చూసి ఆయన మనసు కలుక్కుమంది. "ఈపాటి దానికా! నిండా ఉంటేనే కదా సరుకు బాగుంటాది," అంటూ భుజాన ఉన్న తాగేనీళ్ల సీసా మూత తిప్పి, ఎంతో ప్రేమగా వంచాడు.

నేను ఎలా లేచానో తెలియదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను, ఇద్దరం జారాం, ఆయన నా మీద పడ్డాడు, తాగేనీళ్లన్నీ నా మొహం మీద పడ్డాయి. సీసా మాత్రం కదల్లేదు. ఎందుకంటే మేడమ్ రెండు చేతులూ దాని చుట్టూ దీపానికి అడ్డం పెట్టినట్టు పెట్టి ఉంది.

"పిచ్చెక్కిందేటి? నీల్లే కదరా పోసింది!"

"ఒకటే నీళ్లు కాదు బావా!" అని అరిచాను. గుహంతా ఆ మాట తిరిగి తిరిగి వినిపించింది. నా గొంతే, కానీ మాట మేడమ్‌ది.

బావ లేచి లుంగీ దులుపుకున్నాడు. "సర్లే. ఆగుతాను. మరి నీరు దిగిపోతే బోటెవుడు తోస్తాడు? మొసల్లుంటాయి ఆ బురదలో. అవి నీతో బేరాలాడవు."

"నేను తోస్తాను."

"ఒక్కడివే?"

"ఒక్కణ్ణే."

అడిగినదానికి అడిగినట్టు నేను ఒప్పుకోవడం బావ ఎన్నడూ చూడలేదు. వచ్చి మా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ముగ్గురం పైకి చూస్తున్నాం. సీసా అంచు దాకా వచ్చింది, ఇక ఒక్కటి కావాలి. చుక్క కొసన ఉబ్బింది. సాగింది. ఆగింది. "పడవే తల్లీ," అన్నాడు బావ మెల్లగా. పడింది. నీళ్లు అంచు మీద ముత్యం వీపులా ఉబ్బి నిలిచాయి. మేడమ్ మూత బిగించి, తలకిందులు చేసి, టార్చికి ఎత్తి పట్టింది. బుడగ లేదు. బావ అప్రయత్నంగా రెండు చేతులూ జోడించాడు. రాయికో, సీసాకో నేను అడగలేదు.

తరవాత జరిగింది చెప్పుకుంటే పరువు తక్కువ. క్రీకులో నీళ్లు నిజంగానే దిగిపోయాయి. నడుం లోతు బురదలో దిగి బోటు తోశాను. మడ వేరు కాలికి తగిలిన ప్రతిసారీ మొసలే అనుకుని బోటులోకి ఎగిరేవాణ్ణి. "ఏరది, ఏరు! దిగు!" అని బావ కేకలు వేసేవాడు, మేడమ్ సీసాని ఒళ్లో పెట్టుకుని పగలబడి నవ్వేది. చివరికి ఆయనే జాలిపడి తనూ దిగాడు. ఆఖరి కాన్వాయ్‌లో నేనెక్కిన బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది, ఆ వాసనకి.

కొన్ని నెలలకి ఆవిడ ఫోను చేసింది. "చివరింటి బుట్టే నాయనా," అంది ముందుగా. "ముళ్ల చేపలే ఎక్కువ. ఎంత స్పష్టంగా ఉందో!" ఆ గొంతులో ఆనందం ఎలాంటిదంటే, ఎవరో తప్పిపోయిన మనిషి దొరికినట్టు. ఇకమీదట కరువు పొరని చూస్తే గుర్తుపడతానంది. ఎప్పటివో మనుషులు ఆకాశం చూసి చూసి గడిపిన ఏళ్లు ఆ పొరల్లో ఉన్నాయంది. నేను కొట్టులో బకెట్ల మధ్య నిలబడి వింటున్నాను. "ఇదెంతకిస్తావు?" అని ఎవరో అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు.

ఇప్పుడు గరాచర్మలో ఇల్లు కట్టుకున్నాం. ఈమధ్య మా ఆవిడ పోరు పెడితే యాత్రికుల్లా టిక్కెట్టు కొనుక్కుని గుహలకి వెళ్లాం. గైడు ఒక రాయిని చూపించి ఏనుగన్నాడు, ఇంకొకదాన్ని చూపించి జడలన్నాడు. మా ఆవిడ ఫోటోలు తీసుకుంది. నేను మెల్లగా ఆ చివరి మూలకి వెళ్లాను. నా నెత్తి మీద జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం. ఆ రాతి మొద్దు గోటి మందమైనా పెరిగిందో లేదో. చుక్క అదే తీరిగ్గా పడుతోంది. మేము నీళ్లు పట్టుకున్న ఏడాది కూడా ఆ సన్నని పొరలో ఎక్కడో ఉంటుంది. వానలు, ఎండలు అన్నీ. ఆ ఆఖరి మధ్యాహ్నం చుక్కల్లాంటివి కొన్ని మాత్రం అందులో చేరలేదు. అవి రాయి మీద పడకుండా మేము సీసాల్లో పట్టుకుపోయాం.

"ఏం చూస్తున్నారు అంతసేపు?" అంది మా ఆవిడ వెనక నుంచి.

"ఏం లేదు," అన్నాను. నడుం వరకూ బురదలో, మొసళ్లకి హడలిపోతూ, లోకంలోకెల్లా సంతోషంగా బోటు తోస్తున్న ఒక కుర్రాడు కనిపించి నవ్వొచ్చింది. అంతలో పైనుంచి ఒక చుక్క నా బట్టతల మీద పడింది. తుడుచుకోబోయి, చెయ్యి దించేశాను.